తాబేలు దాచిన రెండు నిమిషాలు

కొత్త ఇల్లు, వంటగది బల్ల
జనవరి 8

వదినా,

ఆ రోజు బస్సులో నా బొటనవేలు ఫోను మీద ఆ పచ్చ గుండ్రాన్ని నొక్కిందా, లేదా? మూడేళ్ళుగా ఈ ప్రశ్నని వెంటేసుకుని తిరుగుతున్నాను. నీకు తెలియని ప్రశ్న కాదు. నువ్వెప్పుడూ అడగలేదు, నేనెప్పుడూ చెప్పలేదు, అంతే.

ముందు కబుర్లు. ఇల్లు మారాను. మూడో అంతస్తు, రెండు గదులు. పరుపు ఇంకా గోడకి ఆనించే ఉంది. నిన్న ఇంటర్నెట్ వాళ్ళు వచ్చి తెల్ల పెట్టె ఒకటి బిగించి వెళ్ళారు. వాళ్ళు వెళ్ళాక సామాను సర్దుతుంటే అన్నిటికన్నా అడుగున తాబేలు ఉన్న అట్టపెట్టె బయటపడింది. నేల ఊడ్చే యంత్రానికి ఆ పేరు పెట్టింది నువ్వే. నేను మీ ఇంట్లోంచి వచ్చేసిన రోజు "దీన్ని నా కళ్ళముందు నుంచి తీసుకుపో" అని నాతో పంపించేసిందీ నువ్వే. పెట్టెకి టేపు వేసింది మాత్రం అన్నయ్య. ఎడమచేత్తో, వంకర టింకరగా. "పారెయ్యకు, ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాడు. ఆ టేపు ఇవాళే కోశాను. మోకాలు వంగడం లేదు, చీపురు పట్టుకుంటే నడుం పట్టేస్తోంది. అది ఒక కారణం.

అడుగున మీట వేసి రెండు గంటలు చార్జింగ్ పెడితే లేచింది. లేచిన దగ్గర్నుంచి "నెట్‌వర్క్ దొరకలేదు, నెట్‌వర్క్ దొరకలేదు" అని ఒకటే సణుగుడు. నెత్తి మీద నారింజ రంగు లైటు కొట్టుకుంటోంది. కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. ఎత్తినావిడది మంచి ఓపిక.

"పైనున్న రెండు బటన్లూ కలిపి పది సెకన్లు నొక్కి పట్టుకోండమ్మా. పాత నెట్‌వర్క్ మర్చిపోతుంది, కొత్తది నేర్పుకోవచ్చు."

"ఇంకేమైనా మర్చిపోతుందా?"

"అన్నీ మర్చిపోతుంది. ఇంటి పటం, పంపకుండా మిగిలిన రికార్డులు, అన్నీ. మీ దాంట్లో ఒకటి మిగిలుంది. నారింజ లైటుకి అర్థం అదే."

"పంపకుండా మిగలడమేంటమ్మా?"

"నెట్ లేనప్పుడు నడిస్తే ఎప్పుడు నడిచిందో, ఎలా మొదలైందో లోపలే దాచుకుంటుంది. మళ్ళీ నెట్ అందగానే మీ ఫోనుకి పంపేస్తుంది. అది పోకూడదంటే ఒకటే దారి. మీ కొత్త పెట్టెకి పాత పేరూ, పాత పాస్‌వర్డూ పెట్టండి, ఒక్క అక్షరం తేడా లేకుండా. పాత ఇల్లే అనుకుని మోసపోతుంది."

వదినా, ఆ మిగిలిన రికార్డు ఏ రోజుదో నీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు తర్వాత తాబేలు నడవలేదు. అంబులెన్సు వచ్చేలోపే అన్నయ్య ఎడమచేత్తో దాన్ని బోర్లించి మీట ఆపేశాడు.

మన ఇద్దరి ఫోన్లలోనూ ఆ ఆప్ ఉండేది. ఎక్కడినుంచైనా తాబేలుని నడపచ్చు. ఆ రోజు పదకొండు దాటాక అన్నయ్య దుకాణానికి వెళ్ళిపోయి ఉంటాడనుకుని బస్సులో ఆప్ తెరిచాను. అంతవరకే గుర్తుంది. నా స్టాపు వచ్చింది, ఫోను సంచిలో పడేసి దిగాను. నొక్కి పడేశానా, నొక్కకుండా పడేశానా? అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. కంటికి భూతద్దం బిగించుకుని ఎవరిదో బల్లగడియారం బాగుచేస్తున్నాడు. దాని గాజు గుమ్మటం రెండు చేతులా పట్టుకుని లేచి ఒక్క అడుగు వెనక్కి వేశాడు. మడమ కింద తాబేలు. పగిలిన గాజు కుడి అరచేతిలోకి దిగింది. నరాలు కలిపారు గాని ఆ బొటనవేలూ చూపుడువేలూ మళ్ళీ సరిగ్గా కలుసుకోలేదు. గడియారాల డాక్టరని పేరు పడ్డ మనిషి ఇప్పుడు కౌంటర్ వెనక నిలబడి కొత్త వాచీలు చూపిస్తున్నాడు.

"వెనకనుంచి వచ్చింది, చూడలేదు" అన్నాడు అన్నయ్య. అంతకన్నా ఒక్క మాట లేదు.

నాకు తెలుసుకోవాలని ఉంది. పాత పేరు "గడియారం ఇల్లు" అని గుర్తుంది. పాస్‌వర్డు తెలియదు, నా ఫోనులో నువ్వే కొట్టావు. పంపుతావా?

దుమ్ము డబ్బా తెరిచాను. ఉన్నిలా గడ్డకట్టిన దుమ్ము, నీ పొడవాటి వెంట్రుక ఒకటి, నువ్వుగింజంత స్క్రూ ఒకటి. ఎందుకో పారెయ్యబుద్ధి కాలేదు. స్క్రూని అగ్గిపెట్టెలో పెట్టాను.

నీ
అచ్చుతప్పు


ఆసుపత్రి, నర్సుల గది
జనవరి 19

అచ్చుతప్పూ,

పాఠ్యపుస్తకాల్లో తప్పులు దిద్దీ దిద్దీ నీకు మెడ పట్టేస్తుందనుకున్నాను గానీ మోకాలు ముందు పోయిందా? నలభై ఆరేళ్ళకే! కుర్చీలో కూర్చుని కాలు చాపి పది అంకెలు లెక్కపెట్టి దించు. రోజుకి ఇరవైసార్లు. "చేశాను వదినా" అని అబద్ధం రాయకు, చేతిరాతలో తెలిసిపోతుంది నాకు.

ఫోనులో అయితే మూడో నిమిషానికి అరుచుకుంటాం అని ఉత్తరాల ఒప్పందం పెట్టుకున్నది మనమే కదా. మంచి పని చేశాం. నీ ఉత్తరం చదివి అరుద్దామంటే ఇక్కడ మత్తు డాక్టరు తప్ప ఎవరూ లేరు, ఆయనా కునుకు తీస్తున్నాడు.

పాస్‌వర్డు నాకు గుర్తులేదు. మేమూ కంపెనీ మార్చేశాం, పాత పెట్టె ఎప్పుడో ఇచ్చేశాం. ఆవిడ చెప్పినట్టు రెండు బటన్లూ నొక్కెయ్. పది సెకన్ల పనికి పది పేజీల ఉత్తరమేంటే? కొండని తవ్వి ఎలకని పట్టి ఏం చేస్తావు?

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. పొద్దున్నే చొక్కా గుండీలు నేను పెడతాను, మిగతావన్నీ తనే చేసుకుంటాడు. నిన్న ఎవరో చిన్నపిల్లకి మొదటి వాచీ కట్టాడట. ఎడమచేత్తోనే. ఆ సంగతి రెండుసార్లు చెప్పాడు.

తాబేలుని మాత్రం జాగ్రత్తగా చూసుకో. దాని బ్రష్షు అసలే సున్నితం. మీ అన్నయ్య బల్ల కింద ఇత్తడి పొడి లాగి లాగి రెండుసార్లు పోయింది. మూడోసారి దీన్ని ఆ బల్ల కిందకి తోలితే బల్లే బయట పెడతానని ఒట్టేశాను, గుర్తుందా? ఆ స్క్రూ ఏ కుర్చీదో అయ్యుంటుంది. పారెయ్.

ఇంకోమాట. ఉత్తరాలు ఆసుపత్రికే రాయి. ఇంటికి రాస్తే ఆయన చూస్తాడు.

వదిన


కొత్త ఇల్లు, అదే బల్ల
ఫిబ్రవరి 1

వదినా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నా ఉద్యోగం అది, ఏం చెయ్యను.

"పాస్‌వర్డు నాకు గుర్తులేదు" అన్న వాక్యం ముందు రెండు మాటలు కొట్టేసి ఉన్నాయి. కాగితం కిటికీకి పట్టి చూశాను. "పంపను గానీ" అని రాసి కొట్టేశావు. తప్పులు వెతికేవాళ్ళకి ఉత్తరం రాసేటప్పుడు కొట్టివేతలు ఇంకాస్త గట్టిగా కొట్టాలి.

ఆపరేషను అయ్యాక ఒక్క సూది లెక్క తక్కువైనా సర్జన్‌ని కుట్లు వెయ్యనివ్వని మనిషివి నువ్వు. పెద్ద డాక్టరు కసిరినా "దొరికేదాకా కదలను సార్" అన్నావని ఇంటికొచ్చి నువ్వే చెప్పావు. ఆ మనిషికి పాస్‌వర్డు గుర్తులేదా?

నన్ను కాపాడుతున్నావేమో అనిపిస్తోంది. నేనే నొక్కానని తేలితే తట్టుకోలేనని నీ భయం. నీ మంచితనం నాకు తెలుసు. కానీ నా సంగతి విను. పొద్దున స్టవ్ కట్టేసి మెట్లు దిగుతాను, మళ్ళీ ఎక్కుతాను. తాళం వేసి లాగి చూస్తాను, వీధి చివరి నుంచి వెనక్కొస్తాను. ఆఫీసులో దిద్దిన పేజీ మీద సంతకం పెట్టడానికి వేలు ఆడదు. మా సెక్షను పెద్ద నవ్వుతూనే అడిగాడు, "ఏమ్మా, మీ మీద మీకే నమ్మకం లేకపోతే మేమెలా నమ్మాలి?" అని. నవ్వుతూ అడిగాడు కాబట్టి నేనూ నవ్వాను. తర్వాత బాత్‌రూములో తలుపు గడియ పెట్టానో లేదో అని మూడుసార్లు చూసుకున్నాను.

నేనే నొక్కి ఉంటే నొక్కానని తెలియనీ. అన్నయ్య కాళ్ళమీద పడతాను, అంతటితో ఒక రోజు ముగుస్తుంది. ఇప్పుడు ఆ రోజు ముగియడం లేదు వదినా.

పాస్‌వర్డు పంపు.

అచ్చుతప్పు


ఆసుపత్రి
ఫిబ్రవరి 12

ఆడపడుచుగారికి,

మీ ఉత్తరం అందింది. నా కొట్టివేతల్ని దీపానికీ కిటికీకీ పట్టి చూసే తీరిక మీకుంది, సంతోషం. నాకు లేదు. ఈ వారం పధ్నాలుగు ఆపరేషన్లు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఇంట్లో ఆ సగం అధికారం చాలక మిగతా సగం కూడా కావలసి వచ్చిందా? ఆ రోజు ఏం జరిగిందో మీకు మీ స్టవ్ కోసం, మీ తాళం కోసం తెలియాలి. ఆ చేతిని రోజూ చూసేది ఎవరు? చలికాలంలో ఆ వేళ్ళు కొయ్యబారిపోతే గోరువెచ్చటి నీళ్ళలో పెట్టి ఒక్కొక్కటే సాగదీసేది ఎవరు? ఆయన నోరు విప్పి ఇంతవరకూ ఎవర్నీ ఒక్క మాట అనలేదు. ఆ మనిషికి లేని ఆరాటం మీకెందుకు?

నయమైన గాయాన్ని విప్పి చూడకూడదు. ఇది నర్సుగా చెబుతున్నాను.

పాస్‌వర్డు లేదు. మీరు నన్ను మళ్ళీ అడగరని ఆశిస్తాను.

ఇట్లు
మీ అన్నగారి భార్య


కొత్త ఇల్లు
ఫిబ్రవరి 20

వదినగారికి,

మీరు "మీరు" అన్నారు కాబట్టి నేనూ నేర్చుకుంటున్నాను.

నయమైన గాయం అన్నారు. ఎవరిది?

ఆపరేషను మర్నాడు వార్డులో మీరు పండు కోస్తూ ఒక మాటన్నారు. గుర్తుందో లేదో. "కొంతమందికి ఫోను చేతిలో ఉంటే వేళ్ళు ఊరుకోవు" అన్నారు. నా వైపు చూడలేదు. పండు వైపే చూశారు. నేను అన్నయ్య వైపు చూశాను. కళ్ళు మూసుకుని ఉన్నాడు. మందు మత్తులో నిద్రపోతున్నాడు, వినలేదులే అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాట పట్టుకునే మూడు నెలల తర్వాత ఇల్లు వదిలాను. ఆఫీసు దగ్గరవుతుందని చెప్పానే, అది అబద్ధం. పాత ఇల్లే దగ్గర.

మిమ్మల్ని ఇంక బతిమాలను. మార్చి మొదటి ఆదివారం పొద్దున పదింటిదాకా చూస్తాను. ఉత్తరం రాకపోతే రెండు బటన్లూ నొక్కి పట్టుకుంటాను. పది సెకన్లు. తాబేలుకి ఏమీ గుర్తుండదు, మీకు ఏ ఇబ్బందీ ఉండదు. నేనే నొక్కాను అనుకుని మిగతా బతుకు బతికేస్తాను. అలవాటే కదా.

మీ మరదలు


ఇంట్లో, ఆయన దుకాణానికి వెళ్ళాక
ఫిబ్రవరి 26

అచ్చుతప్పూ,

నొక్కకు.

ఇది చేరేసరికి ఆదివారం దాటకూడదని పోస్టాఫీసుకి నేనే వెళ్ళి వేస్తాను. డబ్బాలో వెయ్యను.

నిన్ను కాపాడుతున్నానని రాశావే, అది చదివాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఆ కోపంలోనే ఆ "మీరు" ఉత్తరం రాశాను. ఇప్పుడు కొట్టివేతలు లేకుండా రాస్తాను.

ఆ రోజు నొక్కింది నేను.

రెండు ఆపరేషన్ల మధ్య పది నిమిషాలు ఖాళీ దొరికింది. పదకొండూ ఐదు. గోడగడియారం చూసే నొక్కాను. గుండ్రం తిరుగుతూ ఉండిపోయింది. పని చెయ్యడంలేదని మళ్ళీ నొక్కాను. ఆయన దుకాణానికి వెళ్ళిపోయాడనే నేనూ అనుకున్నాను. ఈలోపు లోపలినుంచి పిలిచారు, ఫోను లాకర్లో పడేసి వెళ్ళాను. బయటికొచ్చేసరికి ఆయన్ని కింద అత్యవసర విభాగానికి తెచ్చారని చెప్పారు.

ఆ సాయంత్రం ఆప్ తెరిచి చూశాను. ముందు రోజు రికార్డు ఉంది, అంతకు ముందు రోజుది ఉంది. ఆ రోజుది మాత్రం లేదు. ఖాళీ. దేవుడే తుడిచాడనుకున్నాను, నమ్ము. లోపల దాచుకుంటుందని నాకేం తెలుసు? మర్నాడు నువ్వు వార్డులోకి వచ్చావు. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వు నీ ఫోనే తడుముకుంటున్నావు. ఆ పిల్ల కూడా తెరిచిందన్నమాట అని అర్థమైంది నాకు. ఆ మాట అప్పుడు అన్నాను. అనగానే గుండె తేలికైంది. అంత నీచంగా తేలికైంది.

నువ్వు ఇల్లు వదిలిన రోజు ఆపుదామని గుమ్మం దాకా వచ్చాను. ఆపితే చెప్పాలి. గుమ్మం నుంచే వెనక్కి తిరిగాను.

నా లెక్కలో ఇంతవరకూ ఒక్క సూది పోలేదు. ఇదొక్కటే మూడేళ్ళుగా లోపల ఉండిపోయింది.

పాస్‌వర్డు విడిగా చీటీ మీద రాసి పెట్టాను. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు చూసుకో. నువ్వు చూశాక ఆయనకి చెప్పాలనుకుంటే ముందు నాకొక ముక్క రాయి. పొద్దున గుండీలు పెట్టేటప్పుడు ఆయన మొహం ఎదురుగా ఉంటుంది. సిద్ధపడాలి కదా.

వదిన


కొత్త ఇల్లు, నేలమీద కూర్చుని
మార్చి 3, ఆదివారం

వదినా,

నీ ఉత్తరం శనివారం సాయంత్రం అందింది. చదివి ఉత్తరం బోర్లా పెట్టేశాను. కోపం రాలేదని రాస్తే నమ్మకు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ నీతో గట్టిగానే మాట్లాడాను. "మూడేళ్ళు! మూడేళ్ళు నన్ను మెట్లెక్కించి దింపావు గదా!" అన్నాను. కింద ఇంటావిడ తలుపు కొట్టి "అంతా బాగేనా?" అని అడిగి వెళ్ళింది. అది మాత్రం నీకు చెప్పాలి, నవ్వుతావు.

ఇవాళ పదింటికి కొత్త పెట్టె పేరు మార్చాను. ఆ పెట్టె రెండు రకాల సిగ్నలు ఇస్తుందట, తాబేలు పాతకాలందానికే పలుకుతుందట. సహాయ కేంద్రం ఆవిడే ఫోనులో నడిపించింది. పేరు: గడియారం ఇల్లు. పాస్‌వర్డు అక్షరం అక్షరం పైకి చదువుకుంటూ కొట్టాను. మొదటిసారి కలవలేదు. చీటీలో నీ ఏడు ఒకటిలా ఉంది. రెండోసారి తాబేలు సణుగుడు ఆపింది. కాసేపు ఏమీ లేదు. తర్వాత "కనెక్ట్ అయింది" అంది. నారింజ లైటు ఆరిపోయింది.

ఫోనులో ఒకే ఒక్క రికార్డు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మొదలు: 11 గంటల 12 నిమిషాలు.
నడిపిన తీరు: యంత్రం మీది బటన్.
పని: ఒకచోట శుభ్రం.
ఆగింది: 11 గంటల 14 నిమిషాలు. కారణం: చక్రం నేలను వదిలింది.
నెట్‌వర్క్: 10 గంటల 40 నిమిషాల నుంచి లేదు.

మళ్ళీ చదువు వదినా. నేను ఇరవైసార్లు చదివాను. ఆ రోజు పదీ నలభై నుంచి ఇంట్లో నెట్టే లేదు. నీ రెండు నొక్కుళ్ళూ ఇంటిదాకా రాలేదు. గుండ్రం తిరుగుతూ ఉండిపోయిందన్నావే, అందుకే. నేను నొక్కి ఉంటే నాదీ రాలేదు. తాబేలు నెత్తి మీద బటన్ని ఎవరో వేలితోనో కాలితోనో నొక్కారు. ఇంట్లో ఉన్నది ఒక్కరే.

ఎందుకు నొక్కాడో కూడా తెలుసనుకుంటాను. అగ్గిపెట్టెలో ఉంది.

ప్రమాదానికి ఓ ఏడాది ముందు సెలవు రోజున నేను మంచినీళ్ళకని వెళ్తే అన్నయ్య నేలమీద పాత పేపరు పరిచి తాబేలు దుమ్ము డబ్బా దాని మీద గుమ్మరించి చిన్న అయస్కాంతంతో కెలుకుతున్నాడు. "ఏంటన్నయ్యా ఇది?" అంటే, "ఏంలేదే. నువ్వు చూడలేదు, మీ వదినకి చెప్పలేదు, సరేనా?" అని కన్ను కొట్టాడు. అప్పుడు అర్థంకాలేదు. చేతిలోంచి స్క్రూ జారిపోతే పాకుతూ వెతకడం ఎందుకని తాబేలుని బల్ల కింద వదిలేవాడు. "ఒకచోట" అని నొక్కితే అది ఉన్న చోటే సున్నా చుట్టి, ఆ సున్నాని పెద్దది చేసుకుంటూ పోతుంది. అంతా లాగాక డబ్బాలో స్క్రూ ఏరుకునేవాడు. తాబేలుని బల్ల కిందకి తోలితే బల్ల బయట పెడతానని నువ్వు ఒట్టేశావు కాబట్టి, నువ్వు లేనప్పుడు.

ఆ రోజూ అదే చేశాడు. తాబేలు చుట్లు తిరుగుతోంది. అది తిరిగేలోపు గుమ్మటం పక్కన పెడదామని లేచాడు. కంటికి భూతద్దం. చుట్టు పెద్దదై మడమ వెనక్కి వచ్చింది. రెండు నిమిషాలు.

"వెనకనుంచి వచ్చింది, చూడలేదు." ఆ మాటలో ఒక్క అబద్ధం లేదు. నేను దిద్దినా ఒక్క తప్పు దొరకదు.

ఇప్పుడేం చెయ్యాలి?

అచ్చుతప్పు


ఆసుపత్రి, నర్సుల గది
మార్చి 11

అచ్చుతప్పూ,

నీ ఉత్తరం చదివి లాకర్లో పెట్టి ఒక ఆపరేషనుకి వెళ్ళొచ్చి మళ్ళీ చదివాను. సూదులన్నీ సరిపోయాయి. ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు.

మర్నాడు పొద్దున గుండీలు పెడుతూ మామూలుగా అడిగాను. "ఆ రోజు మీరు బాగుచేస్తున్న బల్లగడియారం ఎవరిదండీ?"

"ఏ రోజు?"

"ఆ రోజే."

"గుర్తులేదు" అన్నాడు.

పాతికేళ్ళ కిందట పెళ్ళిచూపులకి వచ్చిన రోజు మా ఇంట్లో గోడగడియారం నాలుగు నిమిషాలు వెనకుందని ఇప్పటికీ చెబుతాడు మీ అన్నయ్య. మూడో గుండీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. "ఏమైంది?" అన్నాడు. "కాజా బిగుతుగా ఉంది" అన్నాను.

మూడేళ్ళు నేను చేసిన తప్పుకి సేవ చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు నా తప్పేమీ లేదు. రేపు కూడా ఈ గుండీలు పెడతానా? పెడతాను. కానీ దేనికోసం పెడుతున్నానో నాకిప్పుడు తెలియదు. అదీ నా భయం. ఒక్క మాట చెప్పి ఉంటే నేను తిట్టేదాన్ని. రెండు రోజులు తిట్టి ఊరుకునేదాన్ని కదే!

ఆ స్క్రూ నాకు పంపు. పంపితే ఆయన పళ్ళెం పక్కన పెడతాను, ఒక్క మాటా అనను. పంపకపోతే నేనెప్పటికీ అడగను, ఒట్టు. ఈసారి నీ మీద నేను బరువు వేస్తున్నానని తెలుసు. నేనే తేలిస్తే కోపంతో తేలుస్తాను. నువ్వైతే కనీసం మూడుసార్లు చదువుతావు.

మోకాలి వ్యాయామం చేస్తున్నావా?

వదిన


కొత్త ఇల్లు, వంటగది బల్ల
మార్చి 24

వదినా,

చేస్తున్నాను. ఇరవై కాదు, పన్నెండు.

స్క్రూ కవరులో వేశాను, తీశాను, మళ్ళీ వేశాను. ఇప్పుడు బయట ఉంది. ఎందుకో చెబుతాను, విసుక్కోకు.

మొదట్లో సులువుగానే అనిపించింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు, అంతే అనుకున్నాను. ముందు నీ తిట్లకి భయపడ్డాడు. చిన్న భయం. తర్వాత గాయం పెద్దదైపోయింది, చేతి పని పోయింది, అంత పెద్ద నష్టానికి "స్క్రూ కోసం" అని చెప్పడానికి సిగ్గేసి ఉంటుంది. అంతవరకూ క్షమించగలను. ఇవాళే క్షమించగలను.

కానీ వార్డులో నువ్వు పండు కోస్తూ అన్న మాట ఉందే. అన్నయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతుంటే, మనిద్దరం కాలిపోతున్నామని ఆయనకి తెలియదు. మెలకువగా ఉండి ఉంటే విన్నాడు. విని, నన్ను ఇల్లు వదలనిచ్చాడు. నిన్ను మూడేళ్ళు గోరువెచ్చటి నీళ్ళు కాయనిచ్చాడు. ఆ మూసిన కళ్ళని ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో. ఒక్కోసారి రెప్ప కదిలినట్టు ఉంటుంది. ఒక్కోసారి ఉండదు. బస్సులో నా బొటనవేలూ అంతే. గుర్తుచేసుకునే కొద్దీ నొక్కినట్టూ ఉంటుంది, నొక్కనట్టూ ఉంటుంది. అది తాబేలుకీ తెలియదు.

ఇంకోటి. అట్టపెట్టెకి టేపు వేసింది ఆయనే అని రాశాను కదా. దుమ్ము డబ్బాలో స్క్రూ ఉందని ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. కావాలనుకుంటే ఆ డబ్బా చెత్తబుట్టలో గుమ్మరించడానికి ఎడమచెయ్యి చాలు. గుమ్మరించలేదు. నా సామానులో పెట్టి, "పారెయ్యకు, ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాడు. దాన్ని మనింట్లోంచి పంపించేశాడా? లేక నాకు పంపించాడా? నోటితో చెప్పలేనిది, ఎప్పటికైనా దొరకనీ అని?

నీ స్క్రూ మాటకొస్తే, పళ్ళెం పక్కన పెట్టగానే ఆయన మొహం మారుతుంది. ఆ మారిన మొహం చూస్తే తెలిసిపోతుందని నీ లెక్క. నాకైతే మొహాలు అంత తేలిగ్గా తెలియవు. మూసిన కళ్ళే తెలియలేదు.

తాబేలు రోజూ పొద్దున నడుస్తోంది. దానికింకా పాత ఇంటి పటమే గుర్తు. ఇక్కడ కిటికీ దగ్గర నేల ఖాళీగానే ఉంటుంది గాని, అన్నయ్య బల్ల కాళ్ళు ఉండాల్సిన చోట తప్పుకుని చుట్టూ తిరిగి వెళ్తుంది. రెండు బటన్లూ నొక్కితే సరిపోతుంది. నొక్కలేదు.

నిన్న స్టవ్ కట్టేసి తాళం వేసి వెళ్ళిపోయాను. వెనక్కి రాలేదు. ఇది నీకు రాయాలనిపించింది.

నీ మీద కోపం ఇంకా ఉంది, తగ్గుతోంది. వచ్చే ఆదివారం రా. ఫోను వద్దు, ఉత్తరం వద్దు, మనిషివి రా. ఆయన్ని తీసుకురావాలా వద్దా అన్నది నీ ఇష్టానికి వదులుతున్నాను, ఎందుకంటే నా ఇష్టం ఏమిటో నాకే తెలియడం లేదు.

ఈ కవరు అంటించబోతున్నాను. అగ్గిపెట్టె పక్కనే ఉంది. అన్నయ్య ఆ రోజు నిద్రపోతున్నాడో లేదో, ఈ స్క్రూ పంపాలో వద్దో, వదినా, నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.

అచ్చుతప్పు